మ్యూజియం సాయంత్రాల పోస్టర్ పోటీకి డిజైన్ పంపాలనుకుంటే

మామూలుగా మూసేసే వేళ దాటాక కూడా మ్యూజియం తెరిచి ఉంచే సాయంత్రాల సిరీస్‌కి పోస్టర్ పోటీ ప్రకటన కనబడగానే చాలామంది చేసే పని ఒకటే. ల్యాప్‌టాప్ తెరిచి ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ వేసి, పైన ఓ మూల చంద్రుణ్ణి పెట్టి, కింద మ్యూజియం భవనం బొమ్మ దించేస్తారు. మొదటిసారి నేను చేసిందీ అదే. వచ్చిన ఎంట్రీలన్నీ హాల్లో గోడకు అంటించిన రోజు వెళ్లి చూస్తే దాదాపు సగం గోడ నీలం రంగు, చంద్రుడు, భవనం. గీత బాగున్నవి ఉన్నాయి, రంగులు బాగా కుదిరినవీ ఉన్నాయి, కానీ తలుపు దగ్గర నిలబడి చూస్తే కన్ను దేని మీదా ఆగలేదు. గెలిచిన పోస్టర్‌లో చంద్రుడూ లేడు, భవనమూ లేదు. ఒక పాత ఇనుప తాళం, దాని రంధ్రంలోంచి బయటికి వస్తున్న పసుపు వెలుతురు, అంతే. మామూలుగా మూసేసే వేళకి ఇక్కడ తలుపు తీస్తున్నారు అన్న సంగతి ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

అప్పట్నుంచి ఇలాంటి పోటీలకు నేను పనిచేసే పద్ధతి మారిపోయింది. వృత్తిగా డిజైన్ చేసేవాళ్లకే కాదు, సరదాగా బొమ్మలు వేసేవాళ్లకు, కాలేజీ పిల్లలకు, ఎవరికైనా ఇది పనికొస్తుంది. ఊళ్లో అందరికీ తలుపు తెరిచిన పోటీ అంటే జడ్జీలు చూసేది మీ సాఫ్ట్‌వేర్ పనితనాన్ని కాదు, ఆ చోటుని మీరు ఎంత దగ్గరగా చూశారన్నది.

కాబట్టి ముందు అక్కడికి వెళ్లండి, అదీ చీకటి పడే వేళకి. ఇంకా సాయంత్రాలు తెరవడం మొదలుకాకపోతే మూసే ముందు చివరి గంటలో వెళ్లండి. 1997లో బెర్లిన్‌లో కొన్ని మ్యూజియంలు కలిసి ఒక రాత్రి పొద్దుపోయేదాకా తలుపులు తెరిచి ఉంచాయి, ఆ అలవాటు తర్వాత చాలా నగరాలకు పాకింది. ఇలా తెరిస్తే పగలంతా ఉద్యోగాల్లో ఉండేవాళ్లకు వీలు కుదరడం ఒక లాభం. నాకు మాత్రం రెండో సంగతే ముఖ్యం: వెలుతురు మారితే వస్తువు మారుతుంది. పగలు కిటికీల్లోంచి వచ్చే వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది. సాయంత్రం అది పోయి ఒక్క దీపం మిగిలేసరికి నీడలు బయటికి వస్తాయి. ఒకసారి అరచేతి కంటే కాస్త పెద్దదైన చెక్క ముసుగు చూశాను. పగలు దాని ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లినా ఆగలేదు. సాయంత్రం చూస్తే పక్క నుంచి పడే దీపానికి దాని నీడ వెనక గోడ మీద ముసుగు కంటే మూడింతలు పెద్దదై, ముక్కు సాగి, నోరు తెరుచుకుని ఉంది. నా తర్వాతి పోస్టర్‌లో ఆ నీడ ఒక్కటే వేశాను, ముసుగు వేయలేదు.

అలాంటి వస్తువు ఒక్కటి చాలు. రెండు వద్దు. బయటికి వచ్చాక దాని గురించి ఒక్క వాక్యం రాసుకోండి, "చీకట్లో ఇది ఇంకోలా చూస్తుంది" లాంటిదైనా సరే. ఆ వాక్యం రాయలేకపోతే ఆ వస్తువు పోస్టర్‌కి పనికిరాదు, ఇంకోటి వెతకండి. ఎంచుకున్నాక మ్యూజియం సిబ్బందిని ఒక మాట అడగండి: ఈ సాయంత్రాలు జరిగే రోజుల్లో అది ఇక్కడే ఉంటుందా అని. వస్తువులు మరమ్మతుకు వెళ్తుంటాయి, వేరే చోట ప్రదర్శనకు అరువు వెళ్తుంటాయి. పోస్టర్ చూసి దాని కోసమే వచ్చినవాళ్లకు ఖాళీ గాజు పెట్టె కనబడకూడదు కదా.

బొమ్మ మీరే గీస్తే అన్నిటికంటే మేలు. ఫొటో కావాలంటే ముందు ఆ మ్యూజియంనే అడగండి. వస్తువు వెయ్యేళ్ల నాటిదైనా దాన్ని తీసిన ఫొటో మీద వేరేగా హక్కులు ఉండొచ్చు, ఇక్కడే చాలామంది పొరపడతారు. నిశ్చింతగా వాడుకోగల బొమ్మలూ లేకపోలేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000కు పైగా ఫొటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది, 2020లో అమెరికాలోనే స్మిత్సోనియన్ అనే మ్యూజియంల సంస్థ 28 లక్షల దాకా తెరిచింది. గీత సాధనకు అవి నిజంగా గని. కానీ మీ పోటీ ఏ మ్యూజియందో ఆ మ్యూజియం వస్తువు వదిలేసి ఇంకెక్కడిదో పోస్టర్ మీదకి ఎక్కించకండి.

వివరాలన్నీ గీయాలన్న తాపత్రయం కూడా తగ్గించుకోండి. 1891లో తులూజ్ లోట్రెక్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు పారిస్‌లోని మూలాన్ రూజ్ అనే డాన్సు హాలుకు వేసిన పోస్టర్‌లో వెనక నిలబడ్డ జనమంతా కలిసి ఒకే నల్లటి ఆకారం. టోపీల అంచుల్ని బట్టే అది జనం అని తెలుస్తుంది, మొహాల్లేవు. వాళ్ల ముందు నాట్యం చేస్తున్న మనిషి మీదకి చూపు తిన్నగా వెళ్తుంది. అదీ రాత్రిపూట జరిగే దానికి వేసిన పోస్టరే కాబట్టి అందులో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

అక్షరాల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి

నడిచి వెళ్లే మనిషి పోస్టర్‌కి ఇచ్చేది రెండు మూడు సెకన్లు. ఆ లోపల బొమ్మ, సిరీస్ పేరు అందాలి. ఆగినవాళ్లకు తేదీలు, వేళ, చోటు దొరకాలి. మిగతాదంతా, అంటే ఎవరు నిర్వహిస్తున్నారు, ఎవరు సాయం చేశారు లాంటివి, కింద చిన్నగా ఒక వరసలో సరిపోతాయి. ఇది ఒక్క రోజు కార్యక్రమం కాదు, సిరీస్ అన్న సంగతి చాలా ఎంట్రీలు మర్చిపోతాయి. ఆరు సాయంత్రాలు ఉంటే ఆరు తేదీలకు చోటు ఉండాలి, ఒక తేదీ మారితే బొమ్మ జోలికి వెళ్లకుండా తేదీల పట్టీ ఒక్కటి మార్చుకునేలా ఉండాలి. అలా మారే భాగాన్నీ మారని భాగాన్నీ విడదీసి చూపిస్తే మీరు నిర్వాహకుల పని గురించి కూడా ఆలోచించారని వాళ్లకు తెలుస్తుంది.

సైజు విషయానికొస్తే, 3 మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు దాదాపు 25 మిల్లీమీటర్లు ఉండాలని బోర్డులు రాసేవాళ్ల లెక్క. ఇది ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు. తెలుగులో అక్షరం పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి మధ్యలో ఉండే అక్షరాన్నే కొలవండి, పై నుంచి కింది దాకా కలిపి కొలిస్తే మోసపోతాం.

తెలుగులో పోస్టర్ చేసేవాళ్లకు అసలు కష్టం ఒత్తుల దగ్గరే. "సాయంత్రం" అనే మాటనే తీసుకోండి, ఈ పోస్టర్లలో తప్పకుండా వచ్చే మాట. త కింద క్రావడి ఉంది. వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి సరిపడా వదిలితే ఆ క్రావడి వెళ్లి కింది వరసలోని గుడికి తగులుతుంది. అందుకే వరసల మధ్య కాస్త ఎక్కువే వదలండి, లేదా కింది వరసలో గుడులు లేని మాట వచ్చేలా వరస విరవండి. ఇంకో ప్రమాదం సాఫ్ట్‌వేర్‌ది. ఫోటోషాప్, ఇన్‌డిజైన్ లాంటి వాటిలో భారతీయ లిపులకు సంబంధించిన వరల్డ్ రెడీ సెట్టింగ్ పెట్టుకోకపోతే త ఒకచోట, ర ఒకచోట విడివిడిగా పడతాయి. తెలుగు రాని ప్రింటర్‌కి అది తప్పని తెలియదు. నా పోస్టర్ ఒకటి అలాగే అచ్చయి వచ్చింది, గోడ మీద చూసేదాకా ఎవరూ గమనించలేదు. అందుకే అక్షరాలను ఔట్‌లైన్లుగా, అంటే ఫాంట్‌తో పనిలేని బొమ్మల్లా మార్చి పంపండి, మార్చిన తర్వాత మళ్లీ ఒక్కో అక్షరం చదవండి, మార్చని ఫైల్ ఒకటి మీ దగ్గర దాచుకోండి.

ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. రామభద్ర, మండలి, సూరన్న, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు ఇవన్నీ ఉచితంగా వాడుకోవచ్చు. పేరుకు లావుగా ఉండేది ఒకటి, వివరాలకు శుభ్రంగా చదవగలిగేది ఒకటి తీసుకోండి. మూడోది దేనికీ అవసరం రాదు.

సాయంత్రం వెలుతురులో రంగులు

ఇది దాదాపు ఎవరూ చెప్పరు కానీ ఈ పోటీకి చాలా ముఖ్యం. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపుని త్వరగా కోల్పోతుంది, నీలం ఆకుపచ్చలు మాత్రం ఇంకాసేపు వెలుగుతూ కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో దీన్ని గమనించిన పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పేరుతోనే దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు. ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు స్క్రీన్ మీద కళ్లు చెదిరేలా ఉంటాయి, మునిమాపు వేళ గోడ మీద నల్లగా కలిసిపోతాయి. సాయంత్రం జరిగే కార్యక్రమం పోస్టర్ సాయంత్రం కనబడకపోతే ఇంకెందుకు? ముదురు రంగు మీద అక్షరాలు లేత పసుపో తెలుపో ఉంచండి, ఎరుపుని బొమ్మలో ఓ చోటికి పరిమితం చేయండి.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఏ3 పోస్టర్‌ని రెండు ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి అతికించండి, గోడకు అంటించి, దీపాలు ఆర్పేసి, పక్క గది వెలుతురు మాత్రం పడేలా తలుపు కొంచెం తీసి ఉంచి దూరంగా నిలబడండి. ఏది ముందు మాయమవుతోందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. తర్వాత ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి కూడా చూడండి, ఎందుకంటే జనం ఓటు వేసే పోటీ అయితే చాలామంది మొదట చూసేది ఆ సైజులోనే.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ వేసేవాళ్లకు ఇంకో మాట. ఒక్క నల్ల సిరాతో పెద్ద జాగా నింపితే అచ్చులో బూడిద రంగులా తేలిపోతుంది. దానికి మిగతా మూడు సిరాలు కొంచెం కొంచెం కలిపితే చిక్కటి నలుపు వస్తుంది. ఎంత కలపాలో ప్రింట్ చేసేవాళ్లని అడగండి, ఎక్కువైతే కాగితం తడిసి ఆరదు. ఆ నలుపు మీద సన్నని తెల్ల అక్షరాలు వేస్తే సిరా లోపలికి పాకి ఒత్తుల్లోని చిన్న సందులు పూడిపోతాయి. "మ్యూజియం"లో మ కింది యవత్తుని దగ్గరగా చూడండి, ముందు పాడయ్యేది అక్కడే. అక్షరం ఒక మెట్టు లావు చేయండి.

క్యూఆర్ కోడ్ పెట్టాల్సి వస్తే తెల్ల గడిలో నల్ల కోడ్ పెట్టండి, చుట్టూ ఖాళీ వదలండి. నల్ల పోస్టర్‌కి నప్పుతుందని రంగులు తిరగేసి తెల్ల కోడ్ పెడితే కొన్ని ఫోన్లు చదవవు. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు ఉండాలని లెక్క. అర మీటర్ నుంచి అయితే 5 సెంటీమీటర్లు.

ఫైల్, షరతులు

ఏ3 అంటే 297 × 420 మిల్లీమీటర్లు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల దగ్గర అది 3508 × 4961 పిక్సెళ్లు. వేరేగా చెప్పకపోతే అంచుల బయటికి 3 మిల్లీమీటర్లు బొమ్మ సాగదీయండి, కాగితం కోసినప్పుడు తెల్ల గీత పడకుండా. అక్షరాలను అంచుకు కనీసం సెంటీమీటర్ లోపల ఉంచండి. అచ్చుకైతే సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల రంగు పద్ధతి) పీడీఎఫ్, స్క్రీన్‌కైతే ఆర్‌జీబీ (స్క్రీన్ వాడే రంగు పద్ధతి). వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, ఫైల్‌గానే పంపండి.

షరతులు మాత్రం మొదలుపెట్టకముందే చదవండి. నేను రెండు చోట్ల ఆగి చూస్తాను. ఒకటి హక్కులు. గెలిచిన పోస్టర్‌ని ఈ సిరీస్ ప్రచారానికి వాడుకుంటాం అంటే న్యాయమే. వచ్చిన ప్రతి ఎంట్రీ మీద సర్వహక్కులూ మావే అని రాసుంటే ఓడిపోయినవాళ్ల పని కూడా ఊరికే తీసుకుంటున్నారన్నమాట. నేనైతే మర్యాదగా ఉత్తరం రాసి మార్చమని అడుగుతాను, మార్చకపోతే పంపను. రెండోది ఏఐతో చేసిన బొమ్మలు ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే ఆ సంగతి చెప్పాలా అన్నది. అక్కడ స్పష్టత లేకపోతే ముందే అడిగేయండి, గెలిచాక వచ్చే గొడవ ఎవరికీ మంచిది కాదు.

మీరే పోటీ నిర్వహిస్తుంటే ఒక్క విన్నపం. జనం ఓట్లతోనే విజేతను తేల్చకండి, ఎక్కువ మంది స్నేహితులు ఉన్నవాళ్లే గెలుస్తారు. జడ్జీలు ఓ పదింటిని ఎంచాక వాటి మీద ఓటింగ్ పెట్టండి. పేర్లు కనబడకుండా, అసలు సైజులో ప్రింట్ తీసి, గోడకు పెట్టి చూడమనండి. ఎంపిక కానివాళ్లకు కూడా రెండు వాక్యాలు రాసి పంపండి. నాకు ఒక పోటీలో అలా వచ్చిన ఉత్తరంలో "మీ బొమ్మ బాగుంది, తేదీ వెతుక్కోవాల్సి వచ్చింది" అని ఉంది, ఇప్పటికీ ప్రతి పోస్టర్‌లో ముందు తేదీ చూసుకుంటాను.

పంపే ముందు తేదీకి ఎదురుగా రాసిన వారం పేరు క్యాలెండర్‌తో సరిచూడండి. మ్యూజియం పేరు వాళ్లు రాసుకునే స్పెల్లింగ్‌తోనే ఉందా చూడండి. పేర్లు దాచి చూసే పోటీ అయితే మీ సంతకం బొమ్మ మూలలోంచి తీసేయండి, ఫైల్ పేరులోంచి కూడా. ఆఖరి రోజు అర్ధరాత్రి దాకా ఆగకుండా ఒక రోజు ముందే పంపి, అందిందని జవాబు వచ్చిందో లేదో చూసుకోండి.