బోటులో డిస్‌ప్లే మొరాయిస్తోందా, పెట్టె మార్చేముందు ఇవి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, పెయింటింగు, ఇంజన్ పని, వైరింగు అన్నీ ఆ 61 రోజుల్లోనే అవ్వాలి. అప్పుడు నాకొచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే మాట, "అన్నా డిస్‌ప్లే పోయింది, కొత్తది ఎంతవుద్ది". డిస్‌ప్లే అంటే లోతు, జీపీఎస్ పొజిషన్ చూపించే స్క్రీన్ పెట్టె. వెళ్లి చూస్తే చాలాసార్లు డిస్‌ప్లే గుండ్రాయిలా ఉంటుంది, పోయింది దాని వెనకున్న చిన్న సామాను.

సెల్ఫ్ కొట్టగానే స్క్రీన్ ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది

కరెంటు సరిపోక. స్టార్టర్ మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగేస్తది, అదే బ్యాటరీ మీద డిస్‌ప్లే కూడా ఉంటే దానికి అందేది ఏముంటుంది. మల్టీమీటర్ తీసుకుని డిస్‌ప్లే వెనక ప్లగ్గు దగ్గర పెట్టి ఇంకొకళ్లని సెల్ఫ్ కొట్టమనండి, తర్వాత బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర పెట్టి అదే పని చెయ్యండి. రెండు చోట్లా పడిపోతే బ్యాటరీ సంగతి చూడాలి, లేదా ఎలక్ట్రానిక్స్‌కి వేరే బ్యాటరీ పెట్టుకోవాలి. బ్యాటరీ దగ్గర బాగానే ఉండి డిస్‌ప్లే దగ్గరే తగ్గిందంటే దొంగ మధ్యలో ఉన్నాడు.

ఆ దొంగ ఎక్కువగా సన్న వైరే. లెక్క చూడండి, బ్యాటరీ నుంచి క్యాబిన్‌కి 10 మీటర్లుంటే కరెంటు వెళ్లి రావాలి కాబట్టి వైరు 20 మీటర్లు. 0.75 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరులో 3 ఆంపియర్లు పోతే దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది, అదే 2.5 ఎస్‌క్యూ వేస్తే అర వోల్టు కూడా పోదు. ఇంటి వైరింగు వైరు మిగిలింది కదా అని బోటులో వేసేస్తారు చూడండి, దాన్ని రెండేళ్ల తర్వాత ఒక బెత్తెడు కోసి తొక్క వలిస్తే లోపల రాగి నల్లగా మసిబారి ఉంటుంది, టంకం పెడదామన్నా పట్టదు. ఉప్పు చెమ్మ చివర నుంచి తొక్క లోపలికి పాక్కుంటూ పోతుంది మరి. కాబట్టి కొత్తది వేస్తే తగరం పూత ఉన్న రాగి వైరు వెయ్యండి, జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టడం మానేసి క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి) లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ ఎక్కించండి. ఫ్యూజు మాన్యువల్‌లో ఎంత రాస్తే అంతే, కాలిపోతోందని పెద్దది వేస్తే ఈసారి వైరు కాలుతుంది.

లోతు పిచ్చిపిచ్చిగా చూపిస్తోంది, లేదా గీతలే

బోటు ఆగి ఉన్నప్పుడు సరిగ్గా చూపించి పరిగెత్తేటప్పుడు పోతోందంటే ట్రాన్స్‌డ్యూసర్ (బోటు అడుగున ఉండి శబ్దం పంపి లోతు కొలిచే సామాను) మొహం కిందుగా గాలి బుడగలు పోతున్నాయని అర్థం. శబ్దం నీళ్లలో సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, బుడగ అడ్డొస్తే అక్కడే చెదిరిపోతుంది. ప్రొపెల్లర్‌కి దూరంగా, ముందుకి, అడుగున ఏ గుబ్బా లేని చోటికి మార్చాలి. ఆగి ఉన్నప్పుడు కూడా రాకపోతే బోటు ఒడ్డుకి లాగినప్పుడు కింద చూడండి, నాచు, గుల్లలు పట్టేసి ఉంటాయి. ఉలితో చెక్కొద్దు బాబూ, మెత్తగా గీకండి. కేబుల్ పొడుగైందని కొయ్యొద్దు కూడా, మిగిలింది చుట్టి కట్టెయ్యండి.

లోతు వస్తోంది కానీ గుండు తాడుతో కొలిస్తే కలవట్లేదా? ముందు యూనిట్లు చూడండి. మనవాళ్లు బారల్లో మాట్లాడతారు, స్క్రీన్ మీద 10 అని ఉంటే అది 10 బారలా 10 మీటర్లా? 10 బారలంటే 18 మీటర్ల పైమాటే. యూనిట్లు సరిగ్గానే ఉండి ఎప్పుడూ ఒకే తేడా వస్తుంటే అది ఆఫ్‌సెట్, ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి ఎంత కింద ఉందో కొలిచి సెట్టింగులో కొట్టాలి.

జీపీఎస్‌లో పొజిషన్ ఉంది, పక్క డిస్‌ప్లేలో లేదు

బోటు పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని ఎన్‌ఎంఈఏ అంటారు. పాత ఎన్‌ఎంఈఏ 0183 అయితే ఒకదాని పంపే వైరు రెండోదాని తీసుకునే వైరుకి పోవాలి, రెండింట్లో డేటా స్పీడు (బాడ్ రేటు) ఒకటే ఉండాలి, మామూలుగా 4800, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల్ని చూపించేది) అయితే 38400. ఎన్‌ఎంఈఏ 2000 లైను అయితే కరెంటు తీసేసి మీటరుతో రెండు డేటా వైర్ల మధ్య ఓమ్‌లు చూడండి, 60 రావాలి. 120 వస్తే ఒక చివర టెర్మినేటర్ (లైను రెండు చివర్లా పెట్టే 120 ఓమ్‌ల రెసిస్టర్) లేదు, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు.

తేదీ ఇరవై ఏళ్ల వెనక్కి పోయింది

పాత జీపీఎస్‌లలో వారాల లెక్క 1024 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, మన టైమ్ ప్రకారం 2019 ఏప్రిల్ 7 తెల్లారి అదే జరిగింది. పొజిషన్ మామూలుగానే వస్తుంటే వాడుకోవచ్చు, కంపెనీ వాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి ఉంటే వేసుకోండి.

స్క్రీన్ పగలు మాత్రం నల్లగా

కూలింగ్ గ్లాసులు తీసి చూడండి. నవ్వకండి, ఒకాయన డిస్‌ప్లే విప్పదీసి సంచిలో వేసుకుని మరీ తెచ్చాడు. పోలరైజ్డ్ అద్దాలు కొన్ని ఎల్‌సీడీలని ఒక కోణంలో పూర్తిగా ఆర్పేస్తాయి.

కొత్త డిస్‌ప్లే బిగించాక కంపాస్ తప్పు చూపిస్తోంది

డిస్‌ప్లే కంపాస్‌కి మరీ దగ్గరైంది. ఎంత దూరంలో ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, స్క్రూలు బిగించక ముందే చేత్తో పట్టుకుని ఆన్ చేసి ఆఫ్ చేసి చూడండి, ముల్లు కదిలితే అక్కడ డ్రిల్లు పెట్టొద్దు.