మగ్గం ముందు కెమెరా పెట్టాలంటే

పోచంపల్లి, పుట్టపాక వైపు నేతపై డాక్యుమెంటరీ తీయాలనుకుంటే మొదటి రోజు కెమెరాను సంచిలోంచి తీయకండి. నేత పనివాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోండి. చిటికి కట్టే, అంటే రంగు అంటకూడని చోట దారానికి ముడులు వేసే ఆమె ఏ వేళకు దారం వదిలి పొయ్యి దగ్గరికి వెళుతుందో, మగ్గం గుంటలోకి ఏ పూట వెలుగు పడుతుందో రాసుకోండి. ఇరవై ఏళ్లుగా టీవీకి తీస్తున్నాను. నా మంచి షాట్లన్నీ అలాంటి రాతల్లోంచే వచ్చాయి.

ట్యూబ్‌లైటు కింద సెకనుకు 25 ఫ్రేములు, షటర్ వేగం 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మినుకు కనిపించదు.

అసలు కష్టం శబ్దంతోనే. మగ్గం ఆడుతుండగా ఎవరినీ మాట్లాడించకండి. పన్నె (పోగులను దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి పరికరం) దెబ్బ మాట మధ్యలో పడితే ఎడిటింగ్‌లో ఎక్కడా కోయలేరు. ఆ తప్పు నేనూ ఒకసారి చేశాను. ఆసు పోయడమంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడం; ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసింది తన తల్లి పడే ఆ బాధ చూసే. ఒక పెద్దాయన కూడా తన తల్లి భుజం నొప్పి గురించి చెబుతుంటే, పక్క మగ్గాన్ని ఆపమని నేను అడగలేదు. మాటలు చప్పుడులో కలిసిపోయాయి. మళ్లీ అడిగితే, "అది రెండోసారి చెప్పలేను బిడ్డా" అని కళ్లు తుడుచుకున్నారు. ఇప్పటికీ ఆ టేపు దాచుకున్నాను.

అందుకే మగ్గం చప్పుడును విడిగా రెండు నిమిషాలు, ఖాళీ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం తప్పకుండా రికార్డు చేయండి.

ప్రసారానికి ముందు ఆ ఇంటివాళ్లకు చూపించండి. చిటికి వరుసలో, రంగుల క్రమంలో మీరు చేసిన తప్పును వాళ్లే పట్టుకుంటారు.