పాత ఫోన్ల మరమ్మతు నేర్చుకుందాం – 1వ భాగం: విప్పే ముందు

పాత నల్ల ఫోన్ డయల్‌కి సరిగ్గా మధ్యలో, పారదర్శకమైన చిన్న మూత కింద, గుండ్రటి కాగితం బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ ఫోన్ ఏ ఇంట్లో మోగిందో ఆ ఇంటి నంబరు దాని మీద రాసి ఉంటుంది. నేను మొట్టమొదట కొన్న ఫోన్‌లో ఆ బిళ్ల మీద నీలం సిరాతో మూడంకెల నంబరు ఉండేది. మూడే అంకెలంటే ఏదో చిన్న ఊరి ఎక్స్ఛేంజ్ అయి ఉండాలి. పెళ్లి శుభలేఖల మీద, కిరాణా కొట్టు బోర్డుల మీద "ఫోన్: 42" అని రాసుకున్న రోజులవి. పక్కింటివాళ్ల నంబరే ఇచ్చి పక్కన "పి.పి." అని చేర్చేవాళ్లు కూడా.

ఆ మూడంకెలు ఏమిటో ఇప్పుడు నాకు తెలియదు. కొన్న రోజు రాత్రే ఫోన్ పై భాగాన్ని డయల్‌తో సహా బకెట్‌లో వేసి, బట్టల సబ్బు పొడి కలిపి నానబెట్టాను. తెల్లారి చూస్తే కాగితం మీద నీలం మరక తప్ప ఏమీ మిగల్లేదు. నిగనిగలాడాల్సిన నల్లటి ఒళ్లు బూడిద పూసినట్టు వెలిసిపోయింది. ఆ ఒంటికి తర్వాత కొంత మెరుపు తెప్పించగలిగాను. నంబరు మాత్రం మళ్లీ రాలేదు.

అందుకే ఈ పాఠాల్లో మొదటిది శుభ్రం చేయడం గురించి కాదు, బాగుచేయడం గురించీ కాదు. చూడటం, రాసుకోవడం, కొలవడం. ఈ వారం మీరు ఒక్క వైరు కూడా ఊడదీయరు. అయినా వారం చివరికి మీ ఫోన్‌లో ఏది పనిచేస్తోందో, ఏది చేయట్లేదో చెప్పగలుగుతారు. ఎలక్ట్రానిక్స్ చదవకపోయినా ఫర్వాలేదు. మల్టీమీటర్ పట్టుకోవడం వస్తే చాలు.

ఏ ఫోన్‌తో మొదలుపెట్టాలి

అటక మీద తాతగారి ఫోన్ ఉంటే దాంతో మొదలుపెట్టాలనే అనిపిస్తుంది. దయచేసి వద్దు. మొదటి ఫోన్ మీద తప్పులు జరుగుతాయి. అవి మనకు అక్కరలేని ఫోన్ మీద జరగనివ్వండి.

మన దగ్గర తేలిగ్గా దొరికేది ఐటీఐ ఫోన్. ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ 1948లో బెంగళూరులో మొదలైంది. ఆ ఫ్యాక్టరీ ఉన్న పేటకి దూరవాణి నగర్ అనే పేరు ఇప్పటికీ ఉంది. దేశమంతటా ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ దశాబ్దాల పాటు మోగినవి ఎక్కువగా అక్కడ తయారైన ఫోన్లే. కాబట్టి ఒకదాని భాగం పోతే ఇంకోదాని నుంచి తీసుకోవచ్చు. ఒకే నమూనావి రెండు కొనండి. ఒకటి కాస్త బాగున్నది, రెండోది పగిలిపోయినదైనా సరే. ఆ రెండోది స్పేర్ పార్టుల కోసం.

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డలో ఆదివారం సంత, పాతబస్తీ వైపు జుమేరాత్ బజార్ ఉన్నాయి. మిగతా ఊళ్లలో పాత ఇనుప సామాన్ల కొట్లు, ఆఫీసు ఫర్నిచర్ వేలాలు. ఒక్క జాగ్రత్త. ఇత్తడి తళుకుతో, చెక్క పీఠంతో "రాజుల కాలం నాటిది" అంటూ అమ్మేవి చాలావరకు అలంకారం కోసం ఈమధ్య చేసినవే. డయల్ రంధ్రాల్లో నొక్కే బటన్లు కనిపించినా, వెనకాల ఇప్పటి చతురస్రపు ప్లగ్ సాకెట్ ఉన్నా అవి మన పాఠానికి పనికిరావు.

పక్కన చేతితో తిప్పే హ్యాండిల్ ఉన్న ఫోన్ దొరికితే కొని దాచుకోండి, కానీ ఇప్పుడే ముట్టుకోవద్దు. హ్యాండిల్ తిప్పితే లోపలి మాగ్నెటో గట్టి షాక్ కొట్టేంత కరెంటు పుట్టిస్తుంది. పైగా మాట్లాడటానికి దానికి సొంత బ్యాటరీ కావాలి. దాని లెక్క వేరు.

నోట్‌బుక్, కెమెరా, ఇడ్లీ ప్లేటు

ఫోన్లు నాలుగున్నా పదున్నా ఒక్కోదానికి దారంతో ఒక చీటీ కట్టి వరుస నంబరు వేయండి. నోట్‌బుక్‌లో దానికో పేజీ ఇవ్వండి. ఎక్కడ కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, కింద దిమ్మ మీద ఏ అచ్చులున్నాయి, డయల్ మధ్యలో ఏ నంబరుంది, ఇవన్నీ రాయండి. ఆ కాగితం బిళ్లకి దగ్గరగా, మంచి వెలుతురులో ఫోటో తీయండి. ఎవరో శ్రద్ధగా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటారు. కొన్నిట్లో అడుగున "ఫైర్", "పోలీస్" నంబర్లు కూడా ఇరికించి ఉంటాయి. పాత ఫోన్‌లో కొత్తగా దొరకనిది అదొక్కటే. బెల్ దొరుకుతుంది, త్రాడు దొరుకుతుంది, ఆ దస్తూరీ దొరకదు.

బల్ల మీద ఒకసారికి ఒక్క ఫోనే. స్క్రూలు కలిసిపోతే ఇక ఏది ఎక్కడిదో తేల్చడం నరకం. మా ఇంట్లో వాడకం మానేసిన ఇడ్లీ ప్లేటు ఒకటి ఇందుకోసం తెచ్చుకున్నాను. మొదట తీసిన స్క్రూలు మొదటి గుంటలో, తర్వాతవి రెండో గుంటలో, అలా వరుసగా. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావాలి. పాత నమూనాల్లో స్క్రూలు బ్రిటిష్ కొలతవి, బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మర ఉన్నవి. ఒకటి పోయిందని కొట్లో దొరికే మామూలు స్క్రూ తెచ్చి బలవంతంగా తిప్పితే లోపలి మర అరిగిపోతుంది.

స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడికి నిండుగా పట్టాలి. సన్నదానితో తిప్పితే తల చెడుతుంది. స్క్రూ బిగుసుకుపోయి ఉంటే ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి మర్నాటి దాకా వదిలేయండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

లోపల ఏముంది

ఫోన్‌ని ఏ లైనుకీ తగిలించకుండా, మెత్తటి తువ్వాలు మీద బోర్లించండి. కింద స్క్రూలు వదులుచేస్తే పై డొప్ప, దిమ్మ విడిపోతాయి. డయల్ నుంచి దిమ్మకి వైర్లు పోతుంటాయి కాబట్టి విసురుగా లాగొద్దు. పుస్తకం తెరిచినట్టు మెల్లగా పక్కకి ఒరగబెట్టాలి. ముక్కుకి మాస్క్ కట్టుకోండి. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, బొద్దింకల గుడ్లు, ఒక్కోసారి కందిరీగ కట్టిన మట్టి గూడు కూడా ఉంటాయి. పొడి పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులపండి. తడిగుడ్డ వద్దు.

ఇప్పుడు రెండు ఇత్తడి గిన్నెల్లాంటి గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి, దాని వెనక రాగి తీగ చుట్టిన కాయిల్స్ కనిపిస్తాయి. ఒక పక్కన రేకు డబ్బాలాంటి కండెన్సర్. రిసీవర్ పెట్టే చోటు కింద ఒకదానికొకటి తాకీ తాకనట్టుండే సన్నటి రేకులు. అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీయండి, ఏ రంగు వైరు ఏ స్క్రూకి వెళ్తోందో స్పష్టంగా కనిపించేలా. తర్వాత నోట్‌బుక్‌లో చేత్తో బొమ్మ గీయండి. ఫోటో ఉంది కదా, బొమ్మెందుకు అనిపిస్తుంది. గీస్తున్నప్పుడే ఆ వైరు ఎటు పోతోందో కన్ను వెతుకుతుంది. ఫోటో తీసేటప్పుడు అలా వెతకదు.

ఇంత సామాను చేసే పని వింటే ఆశ్చర్యమేస్తుంది. ఎక్స్ఛేంజ్ నుంచి రెండు వైర్ల మీద సుమారు 48 వోల్టుల డీసీ ఎప్పుడూ వస్తూ ఉంటుంది. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు ఆ కరెంటు ఫోన్‌లో పారకూడదు. కండెన్సర్ దాన్ని అడ్డుకుంటుంది. కాల్ వచ్చినప్పుడు ఎక్స్ఛేంజ్ సుమారు 75 వోల్టుల ఏసీ పంపిస్తుంది, సెకనుకి 25 సార్లు అటు పోయి ఇటు వచ్చే కరెంటు. కండెన్సర్ దాన్ని మాత్రం పోనిస్తుంది, సుత్తి అటూ ఇటూ ఊగుతుంది, గంట మోగుతుంది. మీరు రిసీవర్ ఎత్తగానే ఆ సన్నటి రేకులు కలుసుకుని డీసీ పారడం మొదలవుతుంది. అది చూసే ఎక్స్ఛేంజ్‌కి మీరు ఎత్తారని తెలుస్తుంది. డయల్ తిప్పడమంటే ఆ పారే కరెంటుని లెక్కగా తెంపడమే. 1 తిప్పితే ఒకసారి, 5 తిప్పితే 5 సార్లు, 0 తిప్పితే 10 సార్లు, సెకనుకి 10 చొప్పున.

ఇది మనసులో నాటుకుంటే మిగతా పరీక్షలన్నీ మీకే తోస్తాయి.

మల్టీమీటర్‌తో

గోడకి వెళ్లే త్రాడు చివర రెండు వైర్లుంటాయి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి వాటికి తగిలించండి. మూడో నాలుగో వైర్లున్నా కంగారొద్దు, రెండేసి చొప్పున మార్చి చూడండి. రిసీవర్ ఎత్తగానే రీడింగ్ వచ్చి, పెట్టగానే పోయే జతే లైను.

రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు మీటర్ ఒక్క క్షణం కదిలి, తర్వాత ఏమీ లేనట్టు చూపించాలి. ఆ క్షణం కదలిక కండెన్సర్ నిండటం. అలా కాకుండా ఏదో ఒక అంకె దగ్గర నిలబడిపోతే కండెన్సర్ లీకవుతోందన్నమాట. పాత కాగితం కండెన్సర్లలో మామూలే. మార్చడం కష్టం కాదు, ముందు ముందు చూద్దాం. ప్రస్తుతానికి రాసుకోండి.

రిసీవర్ ఎత్తితే కొన్ని పదుల నుంచి కొన్ని వందల ఓమ్స్ దాకా చూపించాలి. ఏమీ చూపించకపోతే ఆ సన్నటి రేకుల మీద నల్లటి పొర పట్టి ఉండొచ్చు. శుభ్రమైన దళసరి కాగితం ముక్కని రేకుల మధ్య పెట్టి, వేలితో కాస్త నొక్కి, కాగితాన్ని బయటికి లాగండి. నల్ల గీత దిగుతుంది. గీత పడటం ఆగేదాకా రెండు మూడు సార్లు చేయండి. ఉప్పుకాగితం పొరపాటున కూడా వాడొద్దు, రేకుల చివరి పూత లేచిపోతుంది.

ఇప్పుడు రిసీవర్ నోటి దగ్గర పెట్టుకుని మౌత్‌పీస్‌లోకి గట్టిగా ఊదండి, మీటర్ మీద చూపు ఉంచండి. అంకెలు గంతులేస్తాయి. లోపల నల్లటి కార్బన్ రవ్వలున్నాయి. గాలి తాకిడికి అవి దగ్గరై దూరమై కరెంటుని మారుస్తాయి. మన గొంతు వైరెక్కేది అలాగే. మొదటిసారి చూసినప్పుడు నేను ఒక పావుగంట ఊదుతూనే కూర్చున్నాను. అంకెలు కదలకపోతే రవ్వలు తేమకి గడ్డకట్టి ఉండొచ్చు. రిసీవర్‌ని అడ్డంగా పట్టుకుని మౌత్‌పీస్ వైపు అరచేతికి మెల్లగా నాలుగైదుసార్లు తట్టి మళ్లీ ఊదండి. చాలాసార్లు అంతటితోనే దారికొస్తుంది.

ఎల్‌ఈడీతో డయల్

9 వోల్టుల బ్యాటరీ ఒకటి, 470 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ కొట్లో గానీ దొరుకుతాయి. బ్యాటరీ, రెసిస్టర్, ఎల్‌ఈడీ, ఫోన్ లైను వైర్లు అన్నీ ఒకే వరుసలో గొలుసులా కలపండి. రిసీవర్ ఎత్తితే ఎల్‌ఈడీ వెలగాలి. వెలగకపోతే ఎల్‌ఈడీ కాళ్లు తిరగేసి చూడండి.

గదిలో లైటు తీసేసి 0 తిప్పి వదలండి. డయల్ వెనక్కి వస్తుంటే ఎల్‌ఈడీ టపటపా ఆరి వెలుగుతుంది. డయల్ కదలగానే వెలుగు కాస్త పెరగడం కూడా గమనించవచ్చు. డయల్ చప్పుడు మీ చెవిలో టకటకలాడకుండా లోపల ఇంకో జత రేకులు మాట్లాడే భాగాన్ని పక్కన పెడతాయి, అందుకు. కంటితో లెక్కపెట్టలేరు కాబట్టి సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి, ఎన్నిసార్లు ఆరిందో లెక్కపెట్టండి. 10 రావాలి. 0 పూర్తిగా వెనక్కి రావడానికి సెకను, లేదా ఇంకాస్త ఎక్కువ పడుతుంది. రెండు సెకన్లు ఈడ్చుకుంటూ వస్తే, లేదా మధ్యలో ఆగిపోతే లోపల జిడ్డు గట్టిపడిందని అర్థం. 1 నుంచి 0 దాకా అన్నీ తిప్పి ఫలితాలు పేజీలో రాయండి.

పై డొప్ప సంగతి

ఆగలేకపోతే ఈ వారం పై డొప్ప ఒక్కటి తుడవొచ్చు. ముందు అది బేకలైటో మామూలు ప్లాస్టిక్కో తేల్చుకోండి. బేకలైట్ బరువుగా ఉంటుంది, గోటితో తడితే బండ చప్పుడు చేస్తుంది, లోపలి వైపు బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూస్తే ఆసుపత్రి కార్బాలిక్ వాసన లీలగా వస్తుంది. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ఈ పదార్థంలో బలం కోసం చెక్క పొడి కలుపుతారు. పైన పల్చటి మెరుపు పొర ఉన్నంత వరకు క్షేమం. నీళ్లలో, అందులోనూ సబ్బు పొడిలో నానితే ఆ పొర పోయి చెక్క పొడి ఉబ్బుతుంది. నా ఫోన్ వెలిసిపోయింది అందుకే.

కాబట్టి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. మెరుపు తగ్గి ఉంటే ఇత్తడి సామాన్లు మెరిపించే బ్రాసో పాలిష్ కొద్దిగా నూలుగుడ్డకి అద్ది, ముందు కనిపించని లోపలి వైపు రుద్ది చూసి, తర్వాత పైన చేయండి. గుడ్డకి గోధుమరంగు దిగితే అది పై పొరే, అక్కడితో ఆపేయండి. నూలు అల్లిన గోధుమరంగు త్రాడు ఉంటే తడి అస్సలు తగలనివ్వొద్దు. లోపలి రబ్బరు పెళుసెక్కి ఉంటుంది, మడిస్తే విరిగిపోతుంది.

వచ్చే భాగంలో డయల్ విప్పుదాం. దాని వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్, చిన్న చిన్న బరువులతో గిర్రున తిరిగే పనితనం, చూడటానికే ముచ్చటగా ఉంటుంది. అప్పటిదాకా డయల్ ఎంత నెమ్మదిగా తిరిగినా దానికి నూనె వేయకండి. ఆ కాగితం బిళ్లని మాత్రం ఇవాళే మెల్లగా తీసి, నోట్‌బుక్‌లో ఆ ఫోన్ పేజీకే చిన్న కవరు అంటించి, అందులో పెట్టండి.