విపత్తుకు ముందే ఇంటిని సిద్ధం చేసుకోవడం

తుఫాను హెచ్చరిక వెలువడ్డాక చేయగలిగే పనులు కొన్నే. కప్పు, గోడలు, వైరింగు మరమ్మతులన్నీ వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే పూర్తిచేసుకోవాలి. అందుకు ముందుగా ఒక కాగితం, కలం పట్టుకొని, కప్పు నుంచి నేల దాకా ఇల్లంతా పరిశీలించి లోపాలు రాసుకోవాలి.

డాబా మీద మొదట చూడవలసినవి తూములు. ఆకులు, ప్లాస్టిక్ సంచులు, ఎప్పుడో మరమ్మతు చేసినప్పుడు వదిలేసిన సిమెంటు పెళ్లలు తూము నోటికి అడ్డుపడితే వాననీరు పిట్టగోడల మధ్య చెరువులా నిలుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబాపై 10 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే కప్పు మీద 10 టన్నుల బరువు పెట్టినట్టే. చెత్త తీసి ఊరుకోకుండా రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి, కింద గొట్టంలోంచి అంతే జోరుగా పడుతున్నాయో లేదో చూడాలి. పూడిక సాధారణంగా పైన కాదు, గొట్టం వంపులో ఉంటుంది. పెనుగాలికి ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఎగిరిపోతుంది కాబట్టి తుఫానుకు ముందు దాన్ని నిండా నింపి మూత బిగించాలి. కుళాయిలు ఆగిపోయినప్పుడు ఆ నీరే అక్కరకు వస్తుంది.

రేకుల కప్పుకు అసలు శత్రువు గాలి. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది, పైగా అది రేకును కిందికి నొక్కడం కన్నా పైకి పీకడమే ఎక్కువ. ఆ లాగుడు అంచుల్లోనూ మూలల్లోనూ అధికం గనుక అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించి, తుప్పు పట్టినవాటిని, వాషర్లు చిట్లినవాటిని మార్పించాలి. రేకు ఎంత గట్టిగా బిగించినా, దూలాన్ని గోడకు కట్టుదిట్టంగా బిగించకపోతే రెండూ కలిసే లేచిపోతాయి. ఒత్తిడి సమం కావడానికి కిటికీ తెరిచి ఉంచాలనే మాట నమ్మదగినది కాదు. లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది. అద్దాలపై టేపు అంటించడం కూడా వృథా శ్రమే. చెక్క రెక్కలు గానీ, ప్లైవుడ్ పలకలు గానీ బిగిస్తేనే ప్రయోజనం.

వరద వచ్చే చోట, గోడపై పాత నీటి మరక ఉంటే దానికి బాగా పైనే స్విచ్‌బోర్డులు, ఇన్వర్టర్ అమర్చుకోవాలి. మురుగు గొట్టానికి నీటిని వెనక్కి రానివ్వని వాల్వు పెట్టిస్తే మరుగుదొడ్డి గుండా ఇల్లు నిండే ముప్పు తగ్గుతుంది. మెయిన్ స్విచ్చును, గ్యాసును చీకట్లో సైతం ఆపడం ఇంట్లో పెద్దలందరికీ తెలిసి ఉండాలి. నీరు తీశాక ఎలక్ట్రీషియన్ పరీక్షించే వరకు మెయిన్ వేయకూడదు.

భూకంపాల ప్రాంతంలో బీరువాలను, పుస్తకాల అరలను ఇనుప పట్టీలతో గోడకు బిగించి, మంచం తలవైపు బరువైన పటాలేవీ లేకుండా చూసుకోవాలి.

దస్తావేజుల నకళ్లు వేరే ఊరిలో నమ్మకమైన వారి దగ్గర ఒక జత ఉంచాలి. ప్రతి గదినీ, ఫ్రిజ్, మోటారు వంటి వస్తువుల వెనుక ఉండే సీరియల్ నంబరు పలకలనూ ఫొటోలు తీసి భద్రపరిస్తే, బీమా క్లెయిము సమయంలో ఏ వస్తువు ఉండేదో ఆధారంతో చూపించవచ్చు.