తొలేళ్ళ లోపు సాకెట్లు సరిచూసుకోండి

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఇసకేస్తే రాలదు. అంతకు వారం ముందు నుంచే బట్టల షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్లకి ఊపిరి ఆడదు.

చాలా షాపుల్లో ఆ కంప్యూటర్‌లో నడిచేది ఒక ప్రోగ్రాం కాదు. బిల్లు కొట్టేది ఒకటి, ఆ బిల్లు అందుకుని ప్రింటర్‌కి పంపేది ఇంకొకటి. రెండూ సాకెట్ ద్వారా మాట్లాడుకుంటాయి. ఇది గోడకుండే ప్లగ్ సాకెట్ కాదు, ఒక ప్రోగ్రాం ఇంకోదానికి డేటా పంపే దారి. ‘రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి, మధ్యలో వైరు కూడా లేదు, ఇంకేం పాడవుతుంది’ అని మనవాళ్ల ధీమా. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నట్టు కాదని ఒక తొలేళ్ళ రోజున తెలిసింది.

ఆ షాపుకి రెండు ప్రోగ్రాములూ రాసింది నేనే. ఏడాదంతా బాగా నడిచాయి. తొలేళ్ళ నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది: ‘ఏటి బాబూ ఇది? ఆయమ్మ చీర ఈ బాబు బిల్లులోకి ఎలగెల్లిపోనాది?’ వెళ్లి చూస్తే ఒకే కాగితం మీద ఇద్దరి బిల్లులు అతుక్కుని ఉన్నాయి. ప్రింటర్ తప్పు కాదు, కరెంటు తప్పు కాదు. తప్పు నాది.

నేను వాడిన టీసీపీ అనే రకం సాకెట్ అంటే పోస్టు కవర్లు పంపడం లాంటిది కాదు, కాలవలో నీళ్లు వదలడం లాంటిది. ఇటు రెండు బిందెలు పోస్తే అటు రెండు బిందెలుగానే రావు. మామూలు రోజుల్లో నిమిషానికో బిల్లు కాబట్టి, ఒకసారి పంపింది అటువైపు ఒకసారి చదివితే సరిగ్గా వచ్చేసేది. నేను అదే నియమం అనుకున్నాను. రద్దీలో మొదటి బిల్లు ప్రింట్ అవుతుండగానే వెనక ఇంకో రెండు వచ్చి చేరాయి. తరువాత చదివినప్పుడు రెండూ ఒకే ముద్దగా వచ్చాయి. బిల్లు పెద్దదైతే దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. సగమే వస్తుంది, మిగతా సగం తరువాతి చదువులో వస్తుంది.

అందుకని మీ ప్రోగ్రాములో ముందు చూడాల్సింది ఇదే: ఒక సందేశం ఎక్కడ ముగుస్తుందో అటువైపుకి ఎలా తెలుస్తోంది? ప్రతి బిల్లుకి ముందు 4 బైట్లలో (బైటు అంటే కంప్యూటర్ డేటాని కొలిచే చిన్న ముక్క) దాని పొడవు పంపండి. అటువైపు ఆ పొడవు పూర్తయ్యేదాకా చదువుతూనే ఉండాలి. లేదంటే ఒక్కో సందేశాన్ని ఒక్కో లైనుగా పంపి, లైను ముగింపు దగ్గర తెంపండి. రెండిట్లో ఏదైనా పరవాలేదు, ఏదీ లేకుండా ఉండకూడదు.

పొడవు లెక్కలో తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది. బిల్లు పైన ‘శ్రీ’ అని రాస్తాం కదా. మన కంటికి అది ఒక్క అక్షరం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని పొడవు అడిగితే 4 అంటుంది, ఎందుకంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం విడివిడిగా లెక్కకొస్తాయి. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే మొత్తం 12. పొడవు 4 అని చెప్పి 12 బైట్లు పంపితే మిగిలిన 8 బైట్లు తరువాతి బిల్లు నెత్తిన పడతాయి. కాబట్టి ముందు బైట్లుగా మార్చండి, తరువాతే లెక్కపెట్టండి. అలాగే వచ్చిన ముక్కని వచ్చినట్టే అక్షరాలుగా మార్చొద్దు. ముక్క సరిగ్గా ఒక అక్షరం మధ్యలో తెగితే ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తులు ప్రింటవుతాయి. ఇంగ్లిష్ బిల్లులతో టెస్ట్ చేసినంతకాలం ఈ తప్పు కనిపించదు. టెస్ట్ చేసేటప్పుడు తెలుగు పేర్లే వాడండి.

ఇక కనెక్షనే కుదరకపోతే చాలామంది చేసే మొదటి పని కంప్యూటర్ రీస్టార్ట్. దానికంటే ముందు ఎర్రర్ చదవండి. ఒక్కో ఎర్రర్ ఒక్కో జబ్బు చెబుతుంది. విండోస్‌లో 10061, లినక్స్‌లో 111 వస్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్: తలుపు తట్టారు, లోపల ఎవరూ లేరు. ప్రింట్ ప్రోగ్రాం లేవలేదు, లేదా వేరే పోర్టులో, అంటే వేరే తలుపు నంబర్ దగ్గర, కూర్చుంది. 10048 లేదా 98 వస్తే ఆ పోర్టులో అప్పటికే ఎవరో ఉన్నారు. సాధారణంగా అది మీ ప్రోగ్రాం పాత కాపీయే. కిటికీ మూసేశారు గానీ వెనకాల ఇంకా బతికే ఉంది. 10054 లేదా 104 అయితే మాట్లాడుతుండగా అవతలివాడు ఫోన్ పెట్టేశాడు, అంటే చాలాసార్లు ప్రింట్ ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోయింది. దాని లాగ్, అంటే జరిగింది జరిగినట్టు అది రాసుకునే ఫైలు, చూడాలి.

ఎవరు వింటున్నారో చూడటానికి విండోస్‌లో నెట్‌స్టాట్ కమాండ్‌కి ఏ, ఎన్, ఓ ఆప్షన్లు కలిపి కొట్టండి. ‘లిజనింగ్’ అని ఉన్న వరుసలో మీ పోర్టు నంబర్, చివర ప్రాసెస్ నంబర్ కనిపిస్తాయి. ఆ నంబర్ ఎవరిదో టాస్క్ మేనేజర్‌లో చూసుకోవచ్చు. లినక్స్‌లో ఎస్ఎస్ కమాండ్ ఇదే పని చేస్తుంది. అర నిమిషం పని. కౌంటర్ ముందు ఇరవైమంది నిలబడ్డప్పుడు కాదు, ఇప్పుడే ఒకసారి చేసి అలవాటు చేసుకోండి.

10048 వచ్చిందని నెట్‌లో వెతికితే ‘రీయూజ్ అడ్రస్’ ఆప్షన్ పెట్టమని సలహా దొరుకుతుంది. లినక్స్‌లో అది మంచి సలహానే, పాత కనెక్షన్ మూసేశాక కూడా టైమ్ వెయిట్ అనే స్థితిలో ఉండే 60 సెకన్లు ఆగక్కర్లేదు. విండోస్‌లో మాత్రం అదే ఆప్షన్‌తో రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టులో కూర్చోగలవు, బిల్లు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం. విండోస్‌లో దాని జోలికి పోవద్దు. ‘ఎక్స్‌క్లూజివ్ అడ్రస్ యూజ్’ అనే ఆప్షన్ పెట్టుకోండి.

ప్రింట్ ప్రోగ్రాం బతికే ఉంది, వింటోంది, అయినా దొరకడం లేదంటే అడ్రస్ చూడండి. ‘లోకల్‌హోస్ట్’ అంటే ‘ఇదే కంప్యూటర్’ అని. ఆ పేరుకి రెండు అడ్రస్‌లున్నాయి: పాత తరహా ఐపీవీ4లో 127.0.0.1, కొత్త తరహా ఐపీవీ6లో ::1. ఒకడు ఒకదాంట్లో వింటూ, రెండోవాడు రెండోదాంట్లో పిలిస్తే రిఫ్యూజ్డే వస్తుంది. కొన్నిచోట్ల ఇంకా చిక్కుగా, ఒక్కో కనెక్షన్‌కి రెండు సెకన్ల పైన పట్టి ఆ తరువాత పనిచేస్తుంది. నా పద్ధతి మొరటుదే: రెండువైపులా పేరు తీసేసి 127.0.0.1 అని అంకెల్లో రాస్తాను. దానికి బదులు 0.0.0.0లో, అంటే ఏ నెట్‌వర్క్ నుంచి పిలిచినా పలికేలా, విననివ్వొద్దు. అప్పుడు షాపు వైఫైలో ఉన్న ప్రతి ఫోన్‌కీ మీ ప్రింటర్ తలుపు తెరిచినట్టే. పండగలో ఆ వైఫై పాస్‌వర్డ్ ఎంతమందికి చెబుతారో మీకే తెలుసు.

పోర్టు నంబర్ కూడా ఒకసారి చూసుకోండి. 49152 నుంచి 65535 దాకా విండోస్ తన అవసరానికి తనే పంచుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా అది 32768 నుంచి 60999. ఆ మధ్యలో నంబర్ పెట్టుకుంటే ఏదో ఒకరోజు పొద్దున్న మీ కుర్చీలో వేరేవాడు కూర్చుని ఉంటాడు. 8080 అందరికీ ఇష్టమైన నంబర్, అందుకే వద్దు.

బిల్లింగ్ స్క్రీన్ బిగుసుకుపోవడం ఇంకో రకం టెన్షన్. ప్రింటర్‌లో కాగితం అయిపోతే ప్రింట్ ప్రోగ్రాం ఆగుతుంది, చదవడం మానేస్తుంది. మధ్యలో డేటా ఆగి ఉండే బఫర్ నిండాక బిల్లింగ్ ప్రోగ్రాం పంపే చోటే ఇరుక్కుంటుంది. పంపడానికీ చదవడానికీ టైమ్‌ఔట్, అంటే ఇంతసేపే ఆగాలనే గడువు, పెట్టండి, ఐదు సెకన్లు చాలు. టైమ్‌ఔట్ అయిన బిల్లుని పారేయకుండా ఫైల్లో దాచండి. చదివినప్పుడు సున్నా బైట్లు వస్తే అవతలివాడు వెళ్లిపోయాడని అర్థం, అక్కడే మూసేయండి. దాన్ని పట్టించుకోకుండా మళ్లీ మళ్లీ చదివే ప్రోగ్రాం ఫ్యాన్‌ని గిర్రున తిప్పుతుంది గానీ పని చేయదు.

అక్టోబర్ మనకి తుపాన్ల నెల కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. పెద్ద తుపాను రాకపోయినా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. కరెంటు వచ్చి కంప్యూటర్ లేచినప్పుడు బిల్లింగ్ ముందు లేచి, ప్రింట్ ప్రోగ్రాం ఇంకా లేవకపోతే, ఒక్కసారి ప్రయత్నించి చేతులెత్తేసేలా ఉండకూడదు. సెకను ఆగి మళ్లీ, రెండు సెకన్లు ఆగి మళ్లీ, అలా దొరికేదాకా ప్రయత్నించాలి. దీన్ని చూడటం తేలిక: ప్రింట్ ప్రోగ్రాంని టాస్క్ మేనేజర్‌లో చంపండి, రెండు బిల్లులు కొట్టండి, మళ్లీ లేపండి. ఆ రెండూ వాటంతట అవే వస్తే సరే.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం షాపు మూశాక రిహార్సల్ పెట్టుకోండి. రెండు వందల బిల్లులు వరసగా తోయండి, అన్నీ తెలుగు పేర్లతో. మధ్యలో కాగితం తీసేయండి, ఒకసారి ప్లగ్ పీకండి, యూపీఎస్ ఎన్ని నిమిషాలు లాగుతుందో అప్పుడే తెలిసిపోతుంది. రెండు ప్రోగ్రాములూ ప్రతి బిల్లు నంబర్‌నీ టైముతో లాగ్‌లో రాయాలి. గడియారం ఒకటే కాబట్టి ఆ రెండు లాగ్‌లూ పక్కపక్కన పెడితే ఏ బిల్లు ఎక్కడ ఆగిందో ఇట్టే దొరుకుతుంది. ఒకే కంప్యూటర్‌లో ఉండటం వల్ల కలిగే అసలు సుఖం ఇదొక్కటే.

విండోస్ అప్‌డేట్ ఆ వారం ఆపేయండి. ఆదివారం రాత్రి తరువాత కోడ్ ముట్టుకోవద్దు, ఎంత చిన్న మార్పైనా సరే. కౌంటర్‌లో కూర్చునే అబ్బాయికి ఏది ముందు లేపాలో, ఏది తరువాతో ఒక చీటీ రాసి మానిటర్‌కి అంటించండి. దాని పక్కనే ఒక చేతి బిల్లు పుస్తకం, కార్బన్ పేపర్ పెట్టి ఉంచండి. నేను ఇప్పటికీ పెడతాను.