మిద్దె మీద డెక్ వేయించుకునే ముందు నీళ్ల దారి చూసుకోండి

మా తిరుపతిలో చాలా ఇళ్ల మిద్దె ఎక్కి ఉత్తరంగా చూస్తే కొండ ఎదురుగా ఉంటుంది. చీకటి పడ్డాక గాలిగోపురం దీపాలు వెలుగుతుంటే, ఇక్కడ చక్కగా చెక్క నేల వేసుకుని, నాలుగు కుర్చీలు, రెండు మల్లె కుండీలు పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి డెక్ వేయించాను, ఒకసారి పీకించి మళ్లీ వేయించాను. ఆ రెండుసార్లలో తెలిసింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే అందరూ ఏ చెక్క, ఏ రంగు అనే మొదలుపెడతారు. మొదట అడగాల్సింది వాన నీళ్లు ఎటు పోతాయని.

అంతకంటే ముందు ఒక వారం ఓపిక పట్టండి. మిద్దె మీద సుద్దముక్కతో 10 అడుగులు, 12 అడుగులు గీత గీసి, అందులో కుర్చీలు వేసుకుని ఉదయం కాఫీకి ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చోండి. ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో, పక్కింటి కిటికీ ఎటు ఉందో, పొరుగువారి ట్యాంకు కొండకు అడ్డం వస్తుందో లేదో అన్నీ అప్పుడే తెలుస్తాయి. సాయంత్రం కూర్చోవడానికే అయితే మెట్ల గదికి తూర్పు వైపు చోటు చూడండి, నాలుగు గంటల నుంచే ఆ గది నీడ అటు పడుతుంది. పడమట వేసుకుంటే మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ఏడింటి దాకా అటు వైపు వెళ్లబుద్ధి కాదు.

ఇంట్లో ఆడవాళ్లను అడగకుండా కొలతలు ఖాయం చేయకండి. బట్టలు ఎక్కడ ఆరేస్తారు, వడియాలు, మిరపకాయలు ఎక్కడ ఎండబెడతారు, ట్యాంకు కడగడానికి మనిషి ఎటు నుంచి ఎక్కుతాడు, ఇవన్నీ వదిలాక మిగిలేదే మీ డెక్ చోటు. సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే దానిక్కూడా చోటు ఇప్పుడే వదలండి, పలకలు దక్షిణం వైపు చూడాలి, వాటి మీద నీడ పడకూడదు. అందుకే కొండ కనిపించే ఉత్తరం వైపు డెక్‌కు, దక్షిణం వైపు పలకలకు ఇస్తే రెండూ కుదురుతాయి.

ఇక నీళ్ల సంగతి. మనకు పెద్ద వానలు వచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2021 నవంబర్‌లో ఊరంతా మునిగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అప్పుడే మా పడక గది పైకప్పు మీద చెయ్యంత వెడల్పు తడి మచ్చ కనిపించింది. వాన తగ్గాక మిద్దె ఎక్కి, మూలలో మూడు చెక్కలు స్క్రూలు తీసి పైకెత్తాను. కింద వేపాకులు బురదలా పేరుకుపోయి తూము పూర్తిగా మూసుకుంది, నీళ్లు రెండు అంగుళాలు నిలిచి ఉన్నాయి. ఫ్రేమ్ కదలకుండా ఉండాలని పని చేసినవాళ్లు శ్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించారు, నీళ్లు సరిగ్గా ఆ బోల్టుల వెంబడే దిగాయి. తూము మీద ఎత్తే వీలు లేకుండా చెక్కలు బిగించడం, శ్లాబుకు రంధ్రాలు వేయడం, ఈ రెండు తప్పులూ పని జరిగేటప్పుడు ఎదురుగా నిలబడి చూసినవే, కానీ అడగాలని నాకు తెలియలేదు.

కాబట్టి ముందు మేస్త్రిని పిలిచి మిద్దె వాటం చూపించండి. మూలల్లో తూములు మూసి, సిమెంటుతో చిన్న మడి కట్టి, రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టండి. కింద గదుల్లో ఎక్కడా చెమ్మ రాకపోతేనే ముందుకు వెళ్లండి, వస్తే వాటర్‌ప్రూఫింగ్ చేయించి మళ్లీ అదే పరీక్ష పెట్టండి. డెక్ పరిచాక ఈ పని చేయాలంటే మొత్తం ఎత్తాల్సిందే. వాటం మామూలుగా 100 అడుగులకు ఒక అడుగు లెక్కన ఉంటే చాలు, అంటే 10 అడుగులకు ఒక అంగుళం కంటే కాస్త ఎక్కువ.

ఫ్రేమ్‌కు జీఐ బాక్స్ పైపులు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప పైపులు, వాడతారు. ఒక్క రంధ్రం కూడా శ్లాబులో వేయొద్దని వెల్డర్‌కు మొదటి రోజే చెప్పండి. డెక్ తన బరువుతోనే కూర్చుంటుంది. పైపులు నేరుగా నేల మీద పెడితే నీళ్లకు కట్టలా అడ్డం పడతాయి, అందుకని కింద చిన్న దిమ్మలు పెట్టి ఎత్తాలి. చిత్తూరు వైపు గ్రానైట్ కోసే చోట్ల మిగిలిన ముక్కలు దొరుకుతాయి, వాటి మీద రబ్బరు ముక్క వేసి పైపు ఆనిస్తే వాటర్‌ప్రూఫింగ్ పొర చిరగదు. పైపు కోసిన చివరలకు మూతలు, వెల్డింగ్ చేసిన ప్రతి చోటా జింక్ ప్రైమర్ తప్పనిసరి. తుప్పు మొదలయ్యేది అక్కడే. తూము ఉన్న మూలలో రెండడుగుల పలక విడిగా, చేత్తో ఎత్తేలా చేయించుకోండి. ఈ ఒక్క మాట కోసం వెల్డర్‌తో గట్టిగా పట్టుబట్టినా తప్పు లేదు.

బరువు గురించి కొందరు బాగా టెన్షన్ పడతారు, కొందరు అసలు పట్టించుకోరు. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన డిజైన్ చేయడం మన ప్రమాణాల్లో ఉన్న పద్ధతి. 120 చదరపు అడుగుల టేకు డెక్ పైపులతో కలిపి ఇంచుమించు 300 కిలోలు, అది ఆ స్థలమంతా పరుచుకుంటుంది కాబట్టి మామూలు ఆర్‌సీసీ శ్లాబుకు పెద్ద భారం కాదు. భయపడాల్సింది కుండీలకు. వంద లీటర్ల డబ్బాలో తడి మట్టి నింపితే అదొక్కటే 150 కిలోలు దాటుతుంది, అలాంటివి ఆరు ఒకే చోట పెడితే ఎంతవుతుందో చూసుకోండి. పెద్ద కుండీలను గోడలు, దూలాలు ఉన్న చోటే పెట్టండి. దూలాలు వేసి ఇటుకలతో కట్టిన పాత మిద్దె అయితే ఇంజనీరు చూడకుండా ఏదీ ఎక్కించొద్దు.

పిట్టగోడ కూడా కొలవండి. మూడున్నర అడుగుల గోడ పక్కన నేలను ఆరు అంగుళాలు ఎత్తితే గోడ మూడడుగులే అవుతుంది. ఇంట్లో పిల్లలుంటే పైన రెయిలింగ్ కలపాల్సిందే, ఆ ఖర్చు మొదటి లెక్కలోనే రాసుకోండి. గోడను ఆనుకుని బెంచీ మాత్రం వేయించకండి, పిల్లలు దాని మీదికి ఎక్కి కిందికి తొంగి చూస్తారు.

చెక్కల్లో మన ఎండకు, చెదలకు టేకుకు మించింది నాకు కనిపించలేదు. కానీ టేకు అన్నంత మాత్రాన సరిపోదు, చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కట్టె, ఉండాలి. పలక అంచున తెల్లగా పాలిపోయిన భాగం కనిపిస్తే అది చేవ కాదు, చెదలు, పురుగు ముందు దాన్నే తింటాయి. సామిల్‌లో పలకలను ఎండలోకి తెచ్చి రెండు వైపులా తిప్పి చూడండి, అక్కడి వాళ్లు విసుక్కున్నా సరే. కొత్త టేకు ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లు పాత ఇళ్లు కూల్చిన సామాను అమ్మే చోట్ల దూలాలు వెతకండి, బాగా ఎండిన కట్టె కాబట్టి వంకర పోదు. కోయించే ముందు మేకులన్నీ పీకించాలి, లేకపోతే మిల్లువాళ్లు రంపానికి పెట్టరు.

లెక్క తేలికే. అంగుళం మందం పలక 12 చదరపు అడుగులు అయితే ఒక ఘనపుటడుగు, కలప అమ్మేవాళ్ల మాటలో ఒక సీఎఫ్‌టీ. 120 చదరపు అడుగులకు పది, తరుగుకు ఇంకో ఒకటిన్నర కలిపి కొనండి. పలకకూ పలకకూ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు ఉండాలి, కింద పైపులు 16 అంగుళాలకొకటి. స్క్రూలు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి, మామూలు స్క్రూ పెడితే ఒక్క వానాకాలానికే చెక్క మీద నల్లటి మరక దిగుతుంది.

చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలు కూడా మంచివే, చెదల గొడవ లేదు, నూనె పట్టించే పని లేదు. అయితే ఎండకు పొడవున సాగుతాయి, కాబట్టి చివర్లలో కూడా సందు వదలాలి. కింద పైపులు మరీ దగ్గరగా, అడుగుకు ఒకటి చొప్పున రావాలి. కొనే ముందు రెండు రంగుల్లో ముక్కలు అడిగి తెచ్చి, మేలో మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద పెట్టి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. ముదురు కాఫీ రంగు మీద నేను అయిదు లెక్కపెట్టేలోగా కాలు తీసేశాను. లేత రంగు మీద నిలబడగలిగాను.

నీడకు పందిరి వేసి షేడ్ నెట్ కట్టడమో, జాజి తీగ పాకించడమో చేయండి. రేకులు వేయాలనుకుంటే అది కట్టడం కిందికి వస్తుందా అని వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసేవారిని ముందే అడగండి. లైట్ల వైరు పైపులోనే రావాలి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న లైనుకే కలపాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లలో కోతులు వస్తాయి కాబట్టి వేలాడే లైట్లు, గాజు సామాను వద్దు.

పని సంక్రాంతి అయ్యాక పెట్టుకోండి, వానలుండవు, సిమెంటు, చెక్క రెండూ బాగా ఆరుతాయి. టేకుకు వార్నిష్ కొట్టించొద్దు, ఎండకు పగిలి పొరలుగా లేస్తుంది. డెక్ ఆయిల్ గానీ అవిసె నూనె గానీ రెండు పూతలు వేసి, ఏటా సంక్రాంతి అయ్యాక ఒక పూత వేస్తే చాలు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరబెట్టాకే పారేయాలి. ఇక ప్రతి అక్టోబర్ మొదటి ఆదివారం తూము దగ్గరి పలక ఎత్తి, ఆకులన్నీ చేత్తో తీసి, రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి, నీళ్లు ఆగకుండా పోవాలి.