పక్క దేశానికి మిర్చి పంపాలంటే: హైదరాబాద్ చిన్న వ్యాపారికి పనికొచ్చే సంగతులు

దుబాయ్‌కి సరుకు ఎలా పంపాలని బేగంబజార్‌లో అడిగితే పది మంది చెప్తారు, అదే ఢాకాకో ఖాట్మండుకో కొలంబోకో ఎలా పంపాలని అడిగితే "అక్కడ ఏముంటది భాయ్" అని మాట తప్పిస్తారు. లెక్కలు చూస్తే వాళ్లనీ తప్పుపట్టలేం. దక్షిణాసియా దేశాలు చేసే మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం చుట్టూనే తిరుగుతోంది, ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాల్లో అది పావు వంతు దాకా ఉంటుంది. ఇండియాలోని కంపెనీకి బంగ్లాదేశ్‌తో కంటే బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15 నుంచి 20 శాతం చవక అని ప్రపంచ బ్యాంకు 2021లో రాసింది. అయినా ఎండుమిర్చి, పసుపు లాంటి సరుకు గురించి నిజంగా తెలిసిన కొనుగోలుదారు ఉండేది ఈ పక్క దేశాల్లోనే, వాళ్ల వంట మన వంటకి దగ్గర మరి. అందుకని ఖమ్మం తేజ మిర్చినే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను, మీ సరుకు వేరైనా దారి దాదాపు ఇదే.

ముందు ఏ దేశమో తేల్చుకోండి

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ పుట్టింది 1985లో, దాని శిఖరాగ్ర సమావేశం చివరిసారి జరిగింది 2014లో ఖాట్మండులో, ఆ తర్వాత మళ్లీ కుదరనే లేదు. దాంతో ఆ ఒప్పందాలన్నీ అటకెక్కాయనుకుంటారు చాలామంది. కాదు. 2004లో ఇస్లామాబాద్‌లో సంతకాలైన సాఫ్టా, అంటే దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, 2006 నుంచి అమల్లో ఉంది. నాయకులు కలిసి కూర్చోకపోయినా కస్టమ్స్ దగ్గర ఆ సుంకాల పట్టిక నడుస్తూనే ఉంటుంది. పాకిస్థాన్ సంగతి వేరు, 2019 నుంచి అటు వ్యాపారం ఆగినట్టే, దాన్ని వదిలేయండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే నేపాల్ చెప్తాను. కారణం డబ్బు. నేపాలీ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 దగ్గర కట్టేసి ఉంది, ఇన్వాయిస్ మన రూపాయల్లోనే వేసుకోవచ్చు, డాలర్ ఎక్కిందా దిగిందా అనే టెన్షన్ ఉండదు. భూటాన్ కరెన్సీ విలువ మన రూపాయితో సమానం, కాకపోతే మార్కెట్ చాలా చిన్నది. శ్రీలంకతో మనకి విడిగా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2000 మార్చి నుంచి ఉంది, కానీ వ్యవసాయ సరుకులు చాలావరకు వాళ్లు రాయితీ ఇవ్వని జాబితాలో పెట్టుకున్నారు. పైగా 2022లో అక్కడ డాలర్లు అయిపోయినప్పుడు ఏమైందో మనం చూశాం.

మిర్చికి పెద్ద మార్కెట్ బంగ్లాదేశ్, కాగితాల పని కూడా అక్కడే ఎక్కువ. 2025లో వాళ్లు మన నూలుని ల్యాండ్ పోర్టుల గుండా రానివ్వబోమన్నారు, మనవాళ్లు వాళ్ల రెడీమేడ్ బట్టలకి అలాగే చేశారు. ఇవి మీ సరుకుకి సంబంధించినవి కాకపోవచ్చు, అయినా లారీ లోడ్ చేసే వారంలో రెండు ప్రభుత్వాల తాజా నోటిఫికేషన్లూ ఒకసారి చూడకుండా బయల్దేరొద్దు.

రిజిస్ట్రేషన్లు

ఈ భాగం అందరూ భయపడేంత లేదు. కేంద్రం విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ సైట్‌లో పాన్ కార్డుతో ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్, తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు అప్‌డేట్ చేయకపోతే డీయాక్టివేట్ అవుతుంది. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు ఏ బ్యాంకు ద్వారా వస్తుందో చెప్పే నంబరు) తీసుకుని సరుకు ఎక్కడ దాటుతుందో ఆ కస్టమ్స్ స్టేషన్‌లో నమోదు చేయించాలి. మసాలా దినుసులకి స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు రిజిస్ట్రేషన్ ఉండాలి. జీఎస్టీ కట్టకుండా పంపాలంటే ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేయాలి, అది ఆ ఆర్థిక సంవత్సరానికే పనికొస్తుంది, ఏప్రిల్‌లో మళ్లీ వేయాలి. ఇదంతా మీ ఆడిటర్‌కి తెలిసిన పనే.

కోడ్, సుంకం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మిర్చి కాయగా పంపితే హెచ్ఎస్ కోడ్, అంటే ఏ సరుకో కస్టమ్స్ గుర్తుపట్టే నంబరు, 0904.21, పొడిగా పంపితే 0904.22. చివర్లో తేడా ఒక్క అంకె, కానీ అవతలి దేశం సుంకాల పట్టికలో అవి రెండు వేరే వరసలు. కాయ మీద ఒక రేటు, తమ మిల్లుల్ని కాపాడుకోవడానికి పొడి మీద ఇంకో రేటు పెట్టుకునే దేశాలు బోలెడు. కాబట్టి "మిర్చికి సుంకం ఎంత" అని ఎవర్నీ అడగకండి, కోడ్ చెప్పి అడగండి.

అడిగేటప్పుడు కూడా మూడు సంగతులు విడివిడిగా రాబట్టాలి. మామూలు కస్టమ్స్ సుంకం ఎంత, ఒప్పందం కింద ఎంత, ఈ రెండూ కాకుండా పైన ఇంకేం వేస్తున్నారు. మూడోదే గొంతు కోసేది. సాఫ్టా కింద రేటు 5 శాతం లోపు అని చూసి సంబరపడతాం, తీరా ఆ సరుకు వాళ్ల సెన్సిటివ్ జాబితాలో ఉంటే ఆ తగ్గింపే వర్తించదు. జాబితాలో లేకపోయినా బంగ్లాదేశ్‌లో రెగ్యులేటరీ డ్యూటీ, సప్లిమెంటరీ డ్యూటీ అని పైన పడేవి ఉన్నాయి. శ్రీలంక అయితే 2007లో ఏకంగా చట్టం చేసి నిత్యావసర సరుకుల మీద ప్రత్యేక లెవీ వేయడం మొదలుపెట్టింది. ఇలాంటివి సుంకం కావు కాబట్టి ఒప్పందంలోకి రావని వాళ్ల వాదన. ముందు గుమ్మం తెరిచి లోపలి తలుపుకి గడియ పెట్టడమంటే ఇదే.

వీటన్నిటికీ ఒకటే సులువు దారి: కొనేవాడి క్లియరింగ్ ఏజెంట్ చేత మీ కోడ్ మీద పూర్తి సుంకాల లెక్క ఒక పేజీలో రాయించి తెప్పించుకోండి. పంపించలేకపోతే ఆ పార్టీకి దిగుమతి అనుభవం లేదని అర్థం.

ఆ తగ్గింపు ఎవరి జేబులోకి?

ఒప్పందం వల్ల తగ్గేది దిగుమతిదారు కట్టే సుంకం. సరుకు ఇండియాదే అని చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ కోసం తిరిగేది మీరు, మిగిలేది ఆయనకి. లెక్క కోసం సరుకు విలువ 10 లక్షలు, మామూలు సుంకం 25 శాతం, ఒప్పందం రేటు 5 శాతం అనుకుందాం. ఆయనకి 2 లక్షలు మిగులుతుంది. ధర మాట్లాడేటప్పుడు మీరు ఆ ఊసే ఎత్తకపోతే ఆయనా ఎత్తడు. అందుకే రెండు ధరలు చెప్పండి, ఆరిజిన్ సర్టిఫికెట్‌తో ఒకటి, లేకుండా ఒకటి. ఆ 2 లక్షల్లో కొంత మీ వైపు రావాలని మొహమాటం లేకుండా అడగండి. ప్రాంతీయ ఆర్థిక సమైక్యత అని సభల్లో పెద్ద మాటలు చెప్తారు, మన దాకా వచ్చేసరికి అది కిలోకి రూపాయో రెండో, అదీ అడిగినవాడికే.

సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్

సరుకు నిజంగా ఇండియాదే అని చెప్పే కాగితం ఇది. డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలో అప్లై చేయాలి, రాయితీ కోసం ఇచ్చేదీ మామూలుదీ వేర్వేరు, పొరపాటున మామూలుది తీసుకుంటే సుంకం తగ్గదు. ఏ ఒప్పందం కింద అన్నది కూడా మీరే ఎంచుకోవాలి. శ్రీలంకకి సాఫ్టా కింద పంపొచ్చు, రెండు దేశాల ఒప్పందం కిందా పంపొచ్చు, మీ కోడ్‌కి ఎందులో రేటు తక్కువో చూసుకుని ఎంచుకోండి.

ఖమ్మంలో పండిన కాయకి గొడవ లేదు, పూర్తిగా ఇక్కడిదే. చిక్కు వచ్చేది కలిపిన సరుకుతో. మన బిర్యానీ మసాలానే తీసుకోండి, అందులో దాల్చినచెక్క చాలాసార్లు వియత్నాం నుంచి వచ్చినదే ఉంటుంది. సాఫ్టాలో మన లాంటి దేశానికి కనీసం 40 శాతం విలువ ఇక్కడ చేరాలి, నాలుగు అంకెల కోడ్ కూడా మారాలి. శ్రీలంకతో ఒప్పందంలో 35 శాతం. పైగా ఉత్తినే కలిపి ప్యాకెట్ కట్టినంత మాత్రాన సరుకు మనది అయిపోదని రూల్స్‌లోనే ఉంది. అందుకే మసాలా పంపేవాళ్లు ప్రతి దినుసు కొనుగోలు బిల్లూ ఫైల్‌లో పెట్టుకోవాలి, అవతలి కస్టమ్స్ వాళ్లు నెలల తర్వాత కూడా తిరిగి అడగొచ్చు.

ఇంకోటి, చిన్నదే కానీ లారీల్ని ఆపేది ఇదే. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, సర్టిఫికెట్, ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), నాలుగింట్లోనూ కొనేవాడి పేరు, బస్తాల సంఖ్య, బస్తా మీది మార్కు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకచోట "అండ్ సన్స్" ఉండి ఇంకోచోట లేకపోతే చాలు.

దారి

బంగ్లాదేశ్‌కి లారీ అంటే ప్రధానంగా బెంగాల్‌లోని పెట్రాపోల్, అవతల బెనాపోల్. అక్కడ సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోందని, అందులో 28 గంటలు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి సరుకు మార్చడానికేనని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క కట్టింది. 138 గంటలంటే దాదాపు ఆరు రోజులు. ఖమ్మంలో పటపటమని విరిగే కాయ జులైలో ఆ బెంగాల్ తేమలో ఆరు రోజులు నిలబడితే మెత్తబడి, తొడిమ దగ్గర బూజు పట్టి, దిగేసరికి రంగూ రేటూ పడిపోతాయి. వానాకాలంలో పంపేదుంటే ఏసీ కాయని కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన వెంటనే లోడ్ చేయకుండా ఆరనివ్వండి, తేమ చూపించుకోండి, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష చేయించండి. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. సరుకులో పురుగూ తెగులూ లేవని మొక్కల క్వారంటైన్ వాళ్లు ఇచ్చే ఫైటో సర్టిఫికెట్ కూడా కావాలి.

రైలు దారి కూడా ఉంది. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి తొలిసారి ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్లింది, 16 వ్యాగన్లలో 384 టన్నుల ఎండుమిర్చితో. టన్నుకి రోడ్డు మీద 7,000 రూపాయల దాకా అయ్యేది రైలుకి 4,608 పడిందని రైల్వే అప్పుడు చెప్పింది. ఒక్కరి వల్ల 384 టన్నులు కాదు, నిజమే, ఆ గుంటూరు వ్యాపారులు కూడా కలిసే నింపారు. మన ఖమ్మం, వరంగల్ వాళ్లు కలిస్తే ఎందుకు కాదో నాకైతే అర్థం కాదు.

కొలంబోకైతే సనత్‌నగర్ ఐసీడీలో, అంటే ఊళ్లోనే ఉన్న కంటైనర్ డిపోలో, కంటైనర్ నింపి, కస్టమ్స్ అక్కడే పూర్తి చేసి, సీల్ వేయించి పోర్టుకి పంపొచ్చు. నేపాల్‌కి రక్సౌల్, అవతల బీర్‌గంజ్.

డబ్బు

కొత్త పార్టీకి ఉద్దెర వద్దు, ఎంత తెలిసినవాళ్లు పరిచయం చేసినా సరే. నేపాల్ పార్టీ దగ్గర సగమైనా అడ్వాన్స్ తీసుకుని మొదటి లోడ్ చిన్నది పంపండి. బంగ్లాదేశ్‌తో ఎల్‌సీ మీదే చేయండి. ఎల్‌సీ వచ్చాక దాని కాపీని మీ బ్యాంకులో చూపించి, అవతలి బ్యాంకు పేరు మీద వీళ్లకి నమ్మకం ఉందో లేదో అడిగి, అవసరమైతే మన వైపు బ్యాంకు చేత కన్ఫర్మ్ చేయించుకోండి, అంటే అవతలి బ్యాంకు ఇవ్వకపోయినా తను ఇస్తానని హామీ. వాళ్ల దగ్గర డాలర్లు తక్కువున్నప్పుడు మంచి పార్టీ అయినా బ్యాంకు ఆలస్యం చేస్తుంది. 2023 జులైలో రెండు దేశాల మధ్య రూపాయల్లో చెల్లింపులు మొదలయ్యాయి, మీ పార్టీ బ్యాంకు అందులో ఉందేమో కనుక్కోండి. కొనేవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ బీమా ప్రీమియం దండగ అనిపిస్తుంది కానీ కట్టేయండి. డబ్బు జమ అయ్యాక బ్యాంకులో ఆ షిప్పింగ్ బిల్లుని (కస్టమ్స్‌లో వేసే ఎగుమతి పత్రాన్ని) క్లోజ్ చేయించడం మర్చిపోకండి, అది తెరిచి ఉన్నంత కాలం ఎగుమతి డబ్బు ఇంకా రాలేదన్నట్టే లెక్క, తర్వాతి లోడ్ అప్పుడు బ్యాంకు వాళ్లు దాన్నే ముందు బయటికి తీస్తారు.